స్పోర్ట్స్ కారు కొన్నారు సరే.. ఫెయిల్ చేసే డ్రైవింగ్ స్కూల్ దొరికిందా?

2025 నవంబరు 4 సాయంత్రం ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర గేవరా రోడ్ నుంచి వస్తున్న మెమూ ప్యాసింజర్ రైలు గూడ్సు రైలును వెనుక నుంచి ఢీకొట్టింది. పది మందికి పైగా చనిపోయారు. మృతుల్లో లోకో పైలట్ కూడా ఉన్నారు. ప్యాసింజర్ రైలు నడపడానికి అవసరమైన మానసిక సామర్థ్య పరీక్షలో ఆయన ఉత్తీర్ణులు కాలేదన్న విషయం రైల్వే భద్రతా కమిషనర్ ప్రాథమిక విచారణలో బయటపడింది. చనిపోయిన వ్యక్తిని తప్పుపట్టడం కంటే, పరీక్ష గట్టెక్కని వ్యక్తికి రైలును అప్పగించిన వ్యవస్థను నిలదీయడమే ముఖ్యమైంది.

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి తెలుగు కుటుంబాలు అక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డాయి. 2003 నుంచి అది ఆగ్నేయ మధ్య రైల్వే జోన్ కేంద్రం. ఇంజిన్ నడిపే ఉద్యోగంలోని మెట్లు అక్కడ ఇంటింటికీ తెలుసు. అసిస్టెంట్‌గా చేరాలంటే రాత పరీక్షలతో పాటు సామర్థ్య పరీక్ష, కఠినమైన కంటి పరీక్ష ఉంటాయి. ముందు గూడ్సు, తర్వాత ప్యాసింజర్, ఆ పైన ఎక్స్‌ప్రెస్. కొత్త మార్గంలో సొంతంగా బండి నడపాలంటే ముందు ఆ దారిని చూసి నేర్చుకోవాలి. ప్రయాణం ముగిశాక కూడా ఏ చోట ఎంత వేగంతో వెళ్లారో రికార్డు చెబుతుంది.

రోడ్డు మీద మాత్రం ఈ మెట్లేవీ లేవు.

అన్నిటికీ ఒకటే లైసెన్స్

మన మోటారు వాహన చట్టంలో 7,500 కిలోల లోపు బరువున్న కార్లన్నీ తేలికపాటి వాహనాల కిందికే వస్తాయి. ఇంజిన్ శక్తితో ఆ విభజనకు సంబంధం లేదు. సుమారు 66 హార్స్‌పవర్ ఉన్న ఆల్టో కె10 మీద పరీక్ష పాసైన వ్యక్తి, అదే కార్డుతో 640 హార్స్‌పవర్ లంబోర్గిని హురాకాన్ ఎవో నడపొచ్చు. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల కోసం కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం కారు కోర్సు 29 గంటలు. అందులో 8 గంటలు పాఠాలు, 21 గంటలు డ్రైవింగ్. అది మామూలు రోడ్డుకు సరిపడే చదువే. మూడు సెకన్లలోపే వంద కిలోమీటర్ల వేగం అందుకునే కారు గురించి అందులో ఏమీ ఉండదు.

ఆ తేడా ఎంతో చిన్న లెక్కతో తెలుస్తుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు సుమారు 28 మీటర్లు వెళుతుంది. ప్రమాదం చూసి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉన్నా కారు ఆగడానికి ఆ తర్వాత మరో 40 మీటర్లు కావాలి. మొత్తం 68 మీటర్లు. వేగం 200 అయితే ఆ ఒక్క సెకనుకే 56 మీటర్లు, ఆగడానికి సుమారు 157 మీటర్లు. మొత్తం 213. వేగం రెండింతలైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది. ఎంత ఖరీదైన కారైనా ఈ సూత్రాన్ని మార్చలేదు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలు 1,68,491 మందిని బలితీసుకున్నాయి. అందులో 71 శాతం మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ లెక్కలు చెప్పాయి.

కొన్ని దేశాలు ఈ ఖాళీని పూడ్చడం మొదలుపెట్టాయి. ఆస్ట్రేలియాలోని సౌత్ ఆస్ట్రేలియా రాష్ట్రంలో 2019లో లంబోర్గిని ఢీకొని ఓ 15 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆ తర్వాత సాగిన ప్రజా ఉద్యమం ఫలితంగా, అత్యంత శక్తిమంతమైన కార్లు నడపడానికి ప్రత్యేక లైసెన్స్ తరగతిని 2024 డిసెంబరు నుంచి తప్పనిసరి చేశారు. భారత్‌లో అలాంటిది లేదు. కాబట్టి శిక్షణ తీసుకోవాలా, ఎక్కడ తీసుకోవాలి అన్నది కారు యజమాని విచక్షణకే మిగిలింది.

నైపుణ్యమే ముప్పయ్యే వేళ

అలాగని ఏదో ఒక కోర్సులో చేరితే సరిపోదు. నార్వేలో 1979లో కొత్త డ్రైవర్లకు జారుడు రోడ్డుపై శిక్షణ తప్పనిసరి చేశారు. తర్వాత జరిగిన అధ్యయనంలో, ఆ కోర్సు చేసిన యువకుల్లో ప్రమాదాలు తగ్గకపోగా పెరిగినట్టు తేలింది. స్వీడన్ పరిశోధకుడు నిల్స్ పెటర్ గ్రెగర్‌సెన్ 1996లో దీనికి కారణం వెతికారు. ఒక బృందానికి కారును అదుపు చేసే నైపుణ్యం నేర్పారు. ఇంకో బృందానికి జారే రోడ్డుపై తమ సామర్థ్యానికి హద్దులున్నాయని అనుభవంలో చూపించారు. పరీక్ష పెడితే రెండు బృందాల నైపుణ్యంలో తేడా లేదు. తేడా నమ్మకంలోనే వచ్చింది. నైపుణ్యం నేర్చుకున్న వారు తమ శక్తిని ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకున్నారు.

స్కూల్ ఎంపికలో అసలు కీలకం ఇదే. విద్యార్థిని హీరోని చేసి పంపే స్కూల్ కంటే, అతని హద్దు ఎక్కడుందో చూపించి పంపే స్కూల్ మేలు.

చేరేముందు ఏం అడగాలి?

దేశంలో ఇలాంటి శిక్షణకు వేదికలు కొన్నే. చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకొట్టై సర్క్యూట్ 1990 నుంచి నడుస్తోంది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో 2011లో ఫార్ములా వన్ పోటీ జరిగింది. హుస్సేన్‌సాగర్ తీరంలో 2023 ఫిబ్రవరిలో ఫార్ములా ఈ పోటీ జరిగినా, దాన్ని మామూలు రోడ్లనే మూసి నిర్వహించారు. ఇప్పుడు అవి మళ్లీ ట్రాఫిక్ రోడ్లే. అక్కడే కాదు, ఔటర్ రింగ్ రోడ్డు మీదైనా తెల్లవారుజామున 'ప్రాక్టీస్ చేయిస్తాం' అనేవారిని మొదటి మాటలోనే వదిలేయాలి.

రెండోది, స్టీరింగ్ పట్టే సమయం. కార్ల కంపెనీలు పెట్టే ఒకరోజు కార్యక్రమాలు సరదాగా ఉంటాయి. కానీ చాలాసార్లు అవి శిక్షణ కంటే ప్రచారానికే దగ్గరగా ఉంటాయి. ఒక్కో బోధకుడికి ఎంతమంది విద్యార్థులు, ఒక్కొక్కరు ఎన్ని నిమిషాలు నడుపుతారు, చివర్లో వారి బ్రేకింగ్, వేగం రికార్డులు ముందుపెట్టి మాట్లాడతారా అన్నది అడగాలి.

మూడోది, పాఠాల వరుస. సీటు సర్దుకోవడం, చూపు ఎంత దూరం ఉండాలి, ఏబీఎస్ ఉన్న కారును పూర్తి బలంతో ఆపడం, బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు ఎలా మారుతుంది.. ఇవి ముందు రావాలి. మొదటి రోజే స్టెబిలిటీ కంట్రోల్ ఆపేసి కారును అడ్డంగా జార్చడం నేర్పే చోటు వినోద కేంద్రమే అవుతుంది.

నాలుగోది, భద్రత. మోటార్ స్పోర్ట్ జాతీయ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ గుర్తింపు, అంబులెన్స్, అగ్నిమాపక సిబ్బంది, హెల్మెట్ నియమం చూసుకోవాలి. సొంత కారు తీసుకెళితే బీమా పత్రం మరోసారి చదవాలి. రేసింగ్, వేగ పరీక్షల్లో జరిగే నష్టాన్ని సాధారణ మోటారు పాలసీలు మినహాయిస్తాయి. సర్క్యూట్‌లో గోడను తాకితే ఖర్చు యజమానిదే కావచ్చు.

శిక్షణ ఆపలేనివీ ఉన్నాయి. 2024 మే 19న పుణెలో పోర్షే కారు ఢీకొని ఇద్దరు యువ ఇంజినీర్లు చనిపోయారు. ఆ కారు నడిపింది 17 ఏళ్ల బాలుడని పోలీసులు తేల్చారు. అక్కడ లోపించింది మలుపు తిప్పే నైపుణ్యం కాదు, తాళం చెవి ఇవ్వకూడదన్న ఇంటి నిర్ణయం.

అందుకే ఫీజు, సర్టిఫికెట్ కంటే ముందు స్కూల్‌ని ఒక ప్రశ్న అడగాలి: 'పోయిన ఏడాది ఎంతమందిని ఫెయిల్ చేశారు?' ఎవరినీ చేయలేదన్నది జవాబైతే, అక్కడ అమ్ముతున్నది ధ్రువపత్రమే. పరీక్ష ఉండీ దాని ఫలితాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో బిలాస్‌పూర్ చూసింది. స్పోర్ట్స్ కారు విషయంలో ఆ పరీక్షే లేదు. కనీసం ఆ యజమాని తనకు తానుగా ఒకటి పెట్టుకోవాలి. తప్పితే ఆ ఫలితాన్ని ఒప్పుకొని, కారును ఇంట్లోనే ఉంచాలి.