సంతుష్టి సంతసరకు గాదు

నేటి క్రైస్తవ బోధకులలో సంతుష్టిని గూర్చి మాటలాడువారు రెండు తెగలుగా నున్నారు. మొదటి తెగవారు, దేవుని నమ్మినవానికి ధనమును, ఆరోగ్యమును, పరదేశోద్యోగమును తప్పక లభించునని చెప్పి, అవి లభించుటయే తృప్తి యని బోధించుచున్నారు. రెండవ తెగవారు, లోకములో నేమి జరిగినను నోరు మెదపక, ఉన్నదానితో సరిపెట్టుకొనుటయే తృప్తి యని బోధించుచున్నారు. ఒకరు తృప్తిని అంగడిలో బెట్టి యమ్ముచున్నారు. మఱియొకరు దానిని బీదవాని నోట గుడ్డగా గ్రుక్కుచున్నారు. ఈ యిరువురిని జూచి కొందఱు విద్యావంతులు, క్రైస్తవుని సంతుష్టి యనునది మత్తుమందు తప్ప మఱేమియు గాదని తీర్పు చెప్పుచున్నారు. ఈ మూడు పక్షములును తప్పని మేము నిరూపింప దలచితిమి. మేము క్రైస్తవులము, బడిలో బిల్లలకు జదువు చెప్పి బ్రదుకువారము, సంస్కృతమును గురుముఖమునను, ఆంగ్లమును కళాశాలలోను నభ్యసించినవారము. మాకు వేదిక లేదు, పీఠము లేదు. కావున మా మాటకు బలము ప్రమాణమునుండియు యుక్తినుండియు రావలసినదే.

ముందుగా పదము సంగతి విచారింతము. తెలుగువారు సంతోష మను పదమును ఆనంద మను నర్థమున వాడుదురు. సంస్కృతమున దానికి తృప్తి యనునర్థము ముఖ్యము. పతంజలి యోగసూత్రములలో శౌచము, సంతోషము, తపస్సు, స్వాధ్యాయము, ఈశ్వరప్రణిధానము అను నైదింటిని నియమములుగా జెప్పెను. నియమ మనగా అభ్యాసముచే గుదుర్చుకొనదగినది. ఊరక యొడిలో వచ్చి పడునది గాదు. గ్రీకుదేశపు స్టోయిక్కులు, బాహ్యవస్తువుల నపేక్షింపక తనకు దానే చాలియుండుటను 'ఆటార్కెయా' యనిరి. అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నాలుగవ యధ్యాయమున దన తృప్తిని వివరించుచు ఈ కుదురునకు జెందిన మాటనే గైకొనెను. కాని దాని యర్థమును దలక్రిందులు చేసెను. స్టోయిక్కు తనకు దాను చాలినవాడు. పౌలన్ననో, తనకు దాను చాలడనియు, తన్ను బలపఱచువా డొకడు గలడనియు నొప్పుకొన్నవాడు. మఱియు నాతడు ఈ తృప్తిని నేర్చుకొంటి నని చెప్పెను. లేమిలో నెట్లుండవలయునో నేర్చినట్లే కలిమిలో నెట్లుండవలయునో కూడ నేర్వవలసివచ్చెనట! అచ్చట నాతడు వాడిన యొక క్రియాపదము, గ్రీకుల రహస్యమతములలో దీక్ష పుచ్చుకొనుటకు వాడుకలో నున్నట్టిది. కాబట్టి పౌలు మతమున సంతుష్టి యొక దీక్ష. అది భక్తికి జీతము గాదు. పుట్టుకతో వచ్చిన మందస్వభావమును గాదు.

ఈ మాటలు వ్రాయునప్పు డాతడు చెరలో నుండెనని మఱవరాదు. ఇక మొదటి తెగవారి నడుగుదము: ఐశ్వర్యమే విశ్వాసమునకు గుఱుతైనచో, చెరలో నున్న పౌలునకు విశ్వాసము తక్కువయ్యెనా? దెబ్బలు తినినవానికంటె మేడ గట్టినవాడు గొప్ప భక్తుడా? ఈ బోధ పాలస్తీనాలో బుట్టినది గాదు. ఇరువదవ శతాబ్దమున అమెరికాలో బ్రబలి, దేవునికి ధనమును విత్తనముగా వేసినచో బహుగుణముగా బంట చేతికి వచ్చునను సిద్ధాంతముగా నెదిగినది. అచ్చట ఓరల్ రాబర్ట్సు మొదలగువారు దూరదర్శనము ద్వారమున దీనికి విశేష ప్రచారము గల్పించిరి. అది నేడు మన జిల్లాలలో తైలపు సీసాలుగాను, ప్రార్థన చేసిన చేతిరుమాళ్లుగాను, చరవాణిలో చెల్లింపు గుఱుతులుగాను దిరుగుచున్నది.

దీని ఫల మెట్టిదో మేము కన్నులార జూచితిమి. మా విద్యార్థి యొకని తండ్రికి మూత్రపిండముల వ్యాధి వచ్చెను. తల్లి యొక స్వస్థతసభకు బోయి, వైద్యమునకై దాచిన సొమ్ములో సగము కానుకపెట్టెలో వేసెను. భర్త బ్రదుకలేదు. ఆమె బోధకుని సహాయకులయొద్దకు బోయి యడుగగా, అమ్మా, నీ విశ్వాసము చాలలేదని చెప్పి పంపిరి. భర్తను గోలుపోయిన దుఃఖ మొకటి. తన యవిశ్వాసమే యాతనిని జంపెనను నపరాధభావ మింకొకటి! మొదటిదానిని మృత్యువు తెచ్చెను. రెండవదానిని బోధకుడు తెచ్చెను. మృత్యువునకు మన మెదురు చెప్పలేము. బోధకునకు జెప్పగలము; చెప్పవలయును.

ఇట్టి వ్యాపారులకు గ్రంథమునందే సమాధానము గలదు. అపొస్తలుల కార్యముల పదునాఱవ యధ్యాయమును విప్పి చూడుడు. ఫిలిప్పీ పట్టణమున సోదె చెప్పుచు యజమానులకు మిక్కిలి లాభము గడించిపెట్టు నొక దాసి యుండెను. పౌలామెను బట్టిన దయ్యమును వెడలగొట్టెను. తమ లాభసాధనము పోయెనని గ్రహించిన యజమానులు పౌలును, సీలను అధికారులయొద్ద కీడ్చుకొనిపోయి, పట్టణమును గలవరపెట్టుచున్నారని నేరము మోపి, బెత్తములతో గొట్టించి, చెరలో వేయించిరి. గమనింపుడు! పౌలునకు ఫిలిప్పీలో జెర ప్రాప్తించినది మతముపై సాగు నొక లాభసాటి వ్యాపారమును మూసివేసినందువలన. నేడు అట్టి వ్యాపారమును దెఱచి కూర్చున్నవారు పౌలు పేరు చెప్పుకొనుట వింతలలో నెల్ల వింత.

మన నేలమీదనే మఱియొక యుదాహరణము గలదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును ఘోరక్షామము పీడించెను. ఒంగోలున నుండిన అమెరికా బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో గొంతభాగమును గుత్తకు బుచ్చుకొని, ఆకలిగొన్నవారికి బని చూపి కూలి యిప్పించెను. ఆ దినములలో బాప్తిస్మము కోరి వచ్చినవారు లెక్కకు మిక్కిలి. కూటికొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై, క్లౌ క్షామసహాయము సాగినంతకాలము, ఏడాదికి బైగా, ఒక్కరికిని బాప్తిస్మ మీయలేదు. సహాయధనము నిలిచిపోయిన పిమ్మటనే, 1878 జూలై 3వ తేదీని, గుండ్లకమ్మ యేటియొడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అన్నము పెట్టుచున్నపుడు ద్వారము మూసి, అన్నము లేనపుడు దెఱచిన యా వివేకమెక్కడ? అన్నము, మేడ, కారు, వీసా వచ్చునని ఢంకా మ్రోయించి జనమును బిలుచు నేటి సభ లెక్కడ? ఆ యేటియొడ్డున నిలిచిన బీదలకంటె నేటి సభలలో ముందువరుసలలో గూర్చున్నవారు ధనికులే కావచ్చును. తృప్తులు మాత్రము కారు. ఏలయన తృప్తి తీరుటకు వారికి రేపటి యద్భుత మొకటి యెల్లప్పుడును మిగిలియే యుండును.

ఇక రెండవ తెగవారికి వత్తము. వీరు పౌలు పత్రికలోని తృప్తివాక్యములను జదివి, కూలి తక్కువయని యడుగువానిని, హక్కునకై యర్జీ పెట్టుకొనువానిని అవిశ్వాసి యందురు. వీరికి సమాధానమును ఫిలిప్పీ చెరసాలయే. నడురేయి పౌలును సీలయు బాడుచుండగా భూకంపము గలిగి తలుపులు తెఱచుకొనెను, వారు పాఱిపోలేదు. ఖైదీలు పోయిరని తలచి ప్రాణము దీసికొనబోయిన చెరసాల నాయకుని వారించిరి. ఇది తృప్తి. తెల్లవాఱగనే అధికారులు, ఆ మనుష్యులను విడిచిపెట్టుడని గుట్టుగా వర్తమాన మంపిరి. అప్పుడు పౌలేమి చేసెను? మహాప్రసాదమని తలవంచుకొని పోయెనా? లేదు. విచారణ లేకుండ రోమీయుల మగు మమ్ము బహిరంగముగా గొట్టించి, ఇప్పుడు రహస్యముగా బంపివేయుదురా, వారే వచ్చి మమ్ము వెలుపలికి దోడ్కొని పోవలయునని పట్టుపట్టెను. అధికారులు భయపడి వచ్చి బ్రతిమాలుకొనిరి. రాత్రి గీతములు పాడిన నోరే తెల్లవాఱి న్యాయ మడిగెను. ఈ రెంటిలో నేది యవిశ్వాసము?

తృప్తి యొకరు మఱియొకరికి జేయు నుపదేశము గాదు. ఎవని కోరిక విషయమున వాడు చేసికొనవలసిన సాధన. నా యాకలి విషయమున నేను తృప్తుడ నైనచో నది పుణ్యము. నా పొరుగువాని యాకలి విషయమున నేను తృప్తుడ నైనచో నది కాఠిన్యము. యాకోబు వ్రాసిన పత్రిక, బట్టయు దిండియు లేని సోదరునికి మంచిమాట మాత్రము చెప్పి పంపువాని విశ్వాసమును నిష్ప్రయోజన మనుచున్నది; కోతగాండ్ర కూలి బిగబట్టిన ధనికులను హెచ్చరించుచున్నది. ఈ యధ్యాయములమీద బ్రసంగము లంత యరుదుగా వినబడుట కేమి కారణమో చదువరులే యూహింతురు గాక!

దోర్నకలులో బిషప్పుగా నుండిన వేదనాయకము శామ్యూలు అజరయ్యను దలచికొందము. 1910లో ఎడింబరోలో జరిగిన మిషనరీల మహాసభలో ఆయన లేచి, తెల్లదొరలు చేసిన త్యాగమును గొనియాడుచునే, మాకు వారి స్నేహము కూడ గావలయునని నిర్భయముగా నడిగెను. 1912లో ఆంగ్లికను సంఘమున దొలి భారతీయ బిషప్పయ్యెను. అట్టి మనుష్యు డసంతుష్టు డని యెవ్వరైన ననగలరా? సొంత లాభ మక్కఱలేనివాడే పెద్దలయెదుట నిలిచి నిజము చెప్పగలడు. కావున సంతుష్టి న్యాయమునకు శత్రువు గాదు, దానికి వెన్నెముక.

షెడ్యూల్డు కులములను గూర్చి 1950లో వెలువడిన రాష్ట్రపతి యుత్తర్వు ప్రధానముగా హిందువులకే వర్తించెను. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి; ఆ రెండు సవరణములలోను దళిత క్రైస్తవులకు జోటు దొరకలేదు. ఈ విషయమై యర్జీలు పెట్టుకొని న్యాయస్థానముల మెట్లెక్కువారిని జూచి, విశ్వాసికి రాజ్యాంగపు హక్కు లేల యని పరిహసించు పాదిరులు గలరు. రోమీయ పౌరత్వమును పౌలేల చెప్పుకొనెనో వారు సెలవిత్తురు గాక!

మఱియు మన యింటిలోని మాటయు మఱవరాదు. క్రీస్తునందు భేదము లేదని ప్రతి యాదివారమును బలుకుచు, పెండ్లి సంబంధము వచ్చునప్పటికి మాల, మాదిగ, రెడ్డి, కమ్మ యని కులము నడుగు క్రైస్తవ కుటుంబము లెన్ని లేవు? సంఘపు పదవులకు కులములవారీగా జట్టులు కట్టి వ్యాజ్యములాడుకొను సభ లెన్ని లేవు? ఈ లోపములను జూచియు మనస్సు కలతపడనివాని ప్రశాంతిని మేము సంతుష్టి యనము, నిద్ర యందుము.

కడపట, మత్తుమం దనువారి వాదము. కారల్ మార్క్సు 1844లో ప్రకటించిన యొక వ్యాసమున మతమును ప్రజల నల్లమందుతో బోల్చెను. మనవారు ఆ యొక్క మాటను బట్టుకొని తక్కినది విడిచిరి. అచ్చటనే యాతడు మతమును బాధితుల నిట్టూర్పుగాను, నిజమైన బాధపై నిరసనగాను గూడ వర్ణించెను. అయినను పెద్దల మాటలతో బనిలేదు, అనుభవమునే చూతము. 1866లో బాప్తిస్మము పొందిన ఎఱ్ఱగుంట్ల పేరయ్య మాదిగకులమున బుట్టి తోళ్ల వ్యాపారము చేసినవాడు. అంతకుమున్ను యోగమార్గ బోధను వినినవాడు. ఆతని బోధవలనను, ఆతని తోడివారి బోధవలనను ఒంగోలు ప్రాంతపు మాదిగపల్లెలలో విశ్వసించినవారు చచ్చిన పశువుల మాంసమును మానిరి; గ్రామదేవతల యుత్సవములలో డప్పు వాయింప నొల్లమనిరి; ఆదివారమున బని చేయమనిరి. అందులకై గ్రామాధికారులచే బాధింపబడిరి, వెలి పొందిరి, అయినను వెనుదీయలేదు. మత్తుమందు తినినవాడు యజమానునితో కాదని చెప్పునా? తరతరములుగా కాదను మాట పలుక నెఱుగని నోళ్లకు ఆ మాటను నేర్పినది వారి నూతన విశ్వాసము. వారికి గలిగిన తృప్తి ధనమువలన వచ్చినది గాదు; వారు నాడును బీదలే. మేము దేవుని యెదుట మనుష్యులము, ఎవనికిని దీసిపోయినవారము గాము అను నెఱుక వలన వచ్చినది. ఆ యెఱుకను నల్లమం దనుట, మేలుకొలుపును జోలపాట యనుటయే.

కావున సంతుష్టిని పరీక్షించుటకు మూడు గుఱుతులు చెప్పుదము. అది కొనుటకు దొరకదు; ధర చెప్పినవాడు మోసగాడు. అది తన కోరికను దగ్గించునే కాని పొరుగువాని హక్కును దగ్గింపదు. తగ్గించినచో నది స్వార్థము. అది భయమును బోగొట్టును. పోగొట్టనిచో నది వట్టి యలసట. ఈ మూడు గుఱుతులు గలవాడు గుడిసెలో నున్నను మేడలో నున్నను క్రీస్తు శిష్యుడే.

విశ్వాసులారా! కానుకపెట్టె మీయొద్దకు వచ్చినపుడు, రోగియైన బంధువు మందుల చీటి మీ జేబులో నున్నచో, ముందు మందు కొనుడు, దేవు డలుగడు. ఓర్పు వహింపుడని మీకు జెప్పువాడు తానేమి యోర్చుకొనుచున్నాడో యడుగుడు. రాత్రి పాడుడు, తెల్లవాఱి న్యాయ మడుగుడు. ఫిలిప్పీలో నాడు జరిగిన దిదియే. నేడు మన యూళ్లలో జరుగవలసినదియు నిదియే.