కాంటా ఒక్కటే ఉండాలె

ఎప్పుడూ పంట ముచ్చట్లే కదా, ఇయ్యాల కొంచెం బాక్సింగ్ ముచ్చట. చివరిదాకా చదవండి, మనకూ పనికొచ్చేదే.

ఎడ్ల బండలాగుడు పోటీలు మనకు తెలిసినవే. రెండు పళ్లవి వేరు, నాలుగు పళ్లవి వేరు, ఆరు పళ్లవి వేరు. ఇచ్చిన టైంలో ఏ జత ఎక్కువ అడుగులు లాగితే అదే ఫస్టు. బాక్సింగ్‌లో పళ్లకు బదులు బరువు చూస్తరు. అట్ల 17 తరగతులున్నయి. ఇంతవరకు న్యాయమే.

పంచాయితీ ఎక్కడంటే, డబ్బుల కోసం ఆడే ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఒక్కో తరగతికి ప్రపంచ ఛాంపియన్ ఒక్కడు కాదు, నలుగురుండొచ్చు. డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ అని నాలుగు సంఘాలు. ఎవరి బెల్టు వాళ్లదే. పదిహేడు నాలుగుల 68 బెల్టులు! ఇవి చాలవన్నట్టు సూపర్, రెగ్యులర్, ఇంటెరిమ్ అని ఇంకొన్ని. ఒక్క సర్వే నంబరుకు నాలుగు పాసుబుక్కులు ఇచ్చినట్టే ఉన్నది.

మొన్న మలక్‌పేట గంజ్‌కు సరుకు తీసుకపోతే, పాతబస్తీ పిల్లలు ఇద్దరు ఫోన్‌లో ఫైట్ చూస్తూ "అసలు ఛాంపియన్ ఎవడు?" అని కొట్లాడుకుంటున్నరు. ఇద్దరు చెప్పిందీ కరెక్టే! పాతబస్తీ అంటే తాలీంల గడ్డ. కుస్తీలో వీపు మట్టికి తగిలిందంటే ఓడినట్టే, చూసేటోడు ఎవర్నీ అడగక్కర్లేదు. అట్లాంటి చోట పిల్లలకు గెలిచినోడెవడో తెలియకపోవుడు ఏం ఆట?

ఉసిక్ అనే ఉక్రెయిన్ బాక్సర్ సంగతి చూడండి. 2024 మే 18న రియాద్‌లో టైసన్ ఫ్యూరీని ఓడించి హెవీవెయిట్‌లో నాలుగు బెల్టులూ ఒక్కడే పట్టిండు. 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత ఆ తరగతికి తిరుగులేని ఛాంపియన్ అంటే మళ్లీ ఇతనే. నెల తిరిగేసరికి ఐబీఎఫ్ బెల్టు వదులుకోవాల్సి వచ్చింది. ఎవరి చేతిలనో ఓడి కాదు. ఫ్యూరీతో రెండో ఫైట్ ముందే ఒప్పుకున్నడు, వాళ్లేమో తాము చెప్పినోడితో ఆడాలన్నరు. ఆ బెల్టు డుబోయిస్‌కు పోయింది. ఆ డుబోయిస్‌ను ఉసిక్ 2023లోనే ఓడించిండు! 2025 జూలైలో లండన్‌లో మళ్లీ ఓడిస్తే గానీ అది తిరిగి రాలే.

ఈ సంఘాలు ఊరికే బెల్టు ఇయ్యవు. టైటిల్ ఫైట్‌కు బాక్సర్‌కు వచ్చే సొమ్ములో మామూలుగా 3 శాతం దాకా ఫీజు తీసుకుంటయి. బెల్టులు పెరిగినకొద్దీ వాళ్లకు ఆమ్దానీ. మన అడ్తి కమీషన్ గుర్తొస్తున్నదా?

"నాలుగుంటే పేదింటి పిల్లగానికి కూడా ఛాన్స్ దొరుకుతది కదా" అంటరు కొందరు. నిజమే, కాదనను. మనకూ నలుగురు కొనేటోళ్లుంటే మంచి ధర వస్తది. కానీ ఈ సంఘాలు కొనేటోళ్లు కాదు, కాంటాలు. మార్కెట్‌ల నాలుగు కాంటాలు నాలుగు తూకాలు చూపిస్తే రైతు బాగుపడతడా? ఎవనికి అనుకూలమైన కాంటా వాడు ఎక్కుతడు. బాక్సింగ్‌లో అదే అయితున్నది. బెల్టు చేతిలున్నోడు గట్టోడితో తలపడకుండ తప్పించుకోవచ్చు. చూడాల్సిన ఫైట్ కోసం జనం ఏండ్లకేండ్లు ఎదురుచూస్తరు.

ఈ రోగం ఒలింపిక్ బాక్సింగ్‌కూ పాకింది. మన నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ పోటీలు పెట్టిన ఐబీఏకు 2023 జూన్‌లో ఒలింపిక్ కమిటీ గుర్తింపు తీసేసింది. వరల్డ్ బాక్సింగ్ అని కొత్త సంఘం వచ్చింది, మన దేశం 2024లో అందులో చేరింది. 2025లో ఆడపిల్లలకు రెండు ప్రపంచ పోటీలు జరిగినయి, మార్చిలో ఒకరివి సెర్బియాలో, సెప్టెంబర్‌లో ఇంకొకరివి లివర్‌పూల్‌లో. నిఖత్ పిడికిలితో గెలిచిన పతకాల విలువ ఎవడూ తగ్గించలేడు. కానీ ఇయ్యాల గ్లౌజులు తొడిగే పాతబస్తీ పిల్ల, ఆమె నాయన ముందుగాల ఏం అడగాలె? "ఈ సంఘం సర్టిఫికెట్ చెల్లుతదా?" అని. కొట్టుడు నేర్చుకునే ముందు కాయితాలు నేర్చుకోవాలె.

నా మాట ఒక్కటే. తరగతులు ఎన్నైనా పెట్టండి, పోటీలు ఎన్నైనా పెట్టండి. ఒక్కో తరగతికి ఛాంపియన్ మాత్రం ఒక్కడే ఉండాలె. ఆటలోనైనా, మార్కెట్‌లోనైనా కొనేటోళ్లు నలుగురుండాలె, కాంటా ఒక్కటే ఉండాలె.

మీరేమంటరు? కింద రాయండి. పిల్లల్ని ఆటల్లో పెట్టినోళ్లుంటే వాళ్లకు తప్పకుండ పంపండి.