కుందేలుకి కావాల్సింది గడ్డి, కుబూస్ కాదు

అరబ్బుల ఇళ్లల్లో కుందేలు పిల్లలది, దాని చాకిరీ మనది. కువైట్‌లో ఫ్రైడే మార్కెట్‌కి వెళ్లినప్పుడు పిల్లలు మారాం చేస్తే బాబా ఒక జత కొనిస్తాడు. నాలుగు రోజులు ఒళ్లో పెట్టుకుని ముద్దు చేస్తారు. ఐదో రోజు నుంచి బోను కడగడం, నీళ్లు పెట్టడం, మేత వెయ్యడం అన్నీ వంటింట్లో ఉన్న మన అక్కచెల్లెళ్ల మీదో, బయట గదిలో ఉండే హౌస్ డ్రైవర్ మీదో పడతాయి. అగ్రిమెంటులో కుందేలు మాట ఎక్కడా ఉండదు. అయినా అది చచ్చిపోయిన రోజున పిల్లలు ఏడుస్తుంటే మామా ముందుగా అడిగేది మనల్నే. "ఏం పెట్టావు దానికి?"

మేం కొందరం కువైట్ ఇళ్లల్లోనూ, వఫ్రా తోటల్లోనూ పనిచేసేవాళ్లం. సెలవు దొరికిన శుక్రవారం కలుసుకున్నప్పుడు జీతాలు, అకామాల కబుర్లతో పాటు ఈ కబురూ వస్తూనే ఉంటుంది. మాలో ఒకామెకి, కుందేలు చచ్చిందని ఆ నెల జీతంలో కోత పెట్టారు. ఆమె పెట్టిందల్లా ఇంటివాళ్లు తెచ్చిచ్చిన మేతే. అందులో గడ్డి పరక కూడా లేదు. గడ్డి మేసే జీవాన్ని గడ్డి లేకుండా పెంచమంటున్నారు, తేడా వస్తే పనివాళ్ల నెత్తిన రుద్దుతున్నారు. అందుకే కుందేలుకి ఎండుగడ్డి ఎందుకు కావాలో మనం తెలుసుకోవాలి, తెలిసిన మాట నోరు తెరిచి ఇంటివాళ్లకి చెప్పాలి అంటున్నాం.

"ఇక్కడ మనుషుల గోడే వినేవాడు లేడు, కుందేళ్ల మేత గురించి పేపర్లో రాయాలా?" అని కొందరు నవ్వుతారు. నవ్వండి, ఫర్వాలేదు. 2015లో కువైట్ తెచ్చిన 68వ నంబరు చట్టం ఇంటి పనివాళ్లకి రోజుకి 12 గంటలకి మించి పని ఉండకూడదంటుంది, వారానికో సెలవు ఇమ్మంటుంది. కుందేలు పని కూడా ఆ 12 గంటల్లోనే లెక్కకు రావాలని అడగడం న్యాయమే. కానీ అడిగేలోపు బోనులో ఉన్న ప్రాణి ఆకలితో ఆగదు కదా.

కుందేలు పళ్లు మన పళ్లలాంటివి కావు. బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లు వారానికి 2, 3 మిల్లీమీటర్లు పెరుగుతాయి, లోపలి దవడ పళ్లూ ఊరుకోవు. అవి అరగాలంటే పీచున్న గడ్డిని రోజులో చాలాసేపు దవడ అటూ ఇటూ ఆడిస్తూ నములుతూ ఉండాలి. మెత్తటి కుబూస్ ముక్కకి గానీ, సంచుల్లో వచ్చే గుళికల దాణాకి గానీ అంత నమలడం అక్కర్లేదు. అరగని దవడ పళ్లకి మొనలు లేచి నాలుకనీ బుగ్గనీ కోస్తాయి. అప్పుడు కుందేలు మేత దగ్గరికి వస్తుంది, వాసన చూస్తుంది, వెనక్కి పోతుంది. గడ్డం కింద బొచ్చు సొల్లుతో తడిసి ఉంటుంది. ఇంటివాళ్లు మాత్రం అలిగిందనుకుంటారు.

పళ్లకంటే పెద్ద సంగతి కడుపు. ఆవు, గేదె మేసింది నెమరు వేస్తాయని ఊళ్లో పుట్టిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కుందేలు నెమరు వెయ్యదు. చిన్న పేగు, పెద్ద పేగు కలిసే చోట దానికి ఒక పెద్ద సంచి ఉంటుంది. మేత అందులో పులిసి, ద్రాక్షగుత్తిలా మెత్తగా అంటుకున్న పెంటికలుగా వస్తుంది. వాటిని కుందేలు కింద పడనివ్వకుండా నోటితో అందుకుని మళ్లీ తింటుంది. అది చూసి "ఛీ ఛీ" అని అదిలించేవాళ్లున్నారు. అదిలించకండి, దాని బలం అందులోనే ఉంది. మనం ఊడ్చి పారేసేవి గట్టిగా, గుండ్రంగా ఉండే వేరే పెంటికలు.

ఈ మర ఆగకుండా తిరగాలంటే పీచు కావాలి. పీచు తగ్గి పిండి, తీపి ఎక్కువైతే పేగుల కదలిక మందగిస్తుంది, గ్యాస్ పట్టి కడుపు ఉబ్బుతుంది. కుందేలు వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది ముందుకే పోవాలి. 12 గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు వెయ్యకపోయినా అది ప్రాణం మీదికొచ్చిన పనే. పొద్దున్న చూద్దాంలే అనుకోకుండా ఆ రాత్రే ఇంటివాళ్లని లేపి డాక్టరు దగ్గరికి పంపాలి. మన గదిలో అమోక్సిసిలిన్ బిళ్లలు ఉన్నాయి కదా అని సొంత వైద్యం మాత్రం చెయ్యొద్దు. నోటి ద్వారా ఇస్తే ఆ మందు కుందేలు పేగుల్లోని మంచి క్రిములని చంపేసి, దాన్నే చంపుతుంది.

మేతలో నూటికి 80 వంతులు ఎండుగడ్డే ఉండాలని కుందేళ్లు చూసే డాక్టర్లు చెబుతారు. తూకం వెయ్యక్కర్లేదు, కుందేలు ఒళ్లు ఎంతుందో రోజుకి కనీసం అంత కుప్ప. అయిపోతే మళ్లీ వెయ్యాలి, గడ్డి ఎక్కువైందనే మాటే లేదు. సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా బాగా మేస్తుంది కాబట్టి మనం పడుకునే ముందు బోను నింపేస్తే చాలు. ఆ పైన గుప్పెడు జర్జీరో, కొత్తిమీరో, పుదీనానో. గుళికల దాణా ఒకటి రెండు చెంచాలు. క్యారెట్ అంటారా, అది బొమ్మల సినిమాల్లో మేత. తీపి ఎక్కువ, వారంలో ఒకటి రెండు సార్లు చిన్న ముక్క చాలు. మిగిలిన అన్నం, కుబూస్, ఖర్జూరం అసలు వద్దు. పారెయ్యడం ఎందుకని మనసు పీకుతుంది, మనం పుట్టిన ఇళ్లు అలాంటివి. కానీ కుందేలు బోను చెత్తడబ్బా కాదు.

ఎండుగడ్డి దగ్గర ఒక తికమక ఉంది. ఆ మాట వినగానే మన కళ్లముందు ఊళ్లో వరిగడ్డి వాము కనిపిస్తుంది. వరిగడ్డి అంటే గింజ రాల్చుకున్నాక మిగిలిన కాడ. ఇక్కడ తిబిన్ అని అమ్మేదీ అంతే, గోధుమ, బార్లీ నూర్చాక మిగిలిన గడ్డి. వాటిలో సత్తువ తక్కువ. కింద పరుపులా వెయ్యడానికి బాగుంటాయి, మేతకి చాలవు. కుందేలుకి కావాల్సింది గింజ ముదరకముందే కోసి, పచ్చరంగు పోకుండా ఆరబెట్టిన గడ్డి. పెట్ షాపుల్లో తిమోతీ అని ప్యాకెట్లలో అమ్ముతారు, ఖరీదెక్కువ. ఒంటెలకి, గొర్రెలకి మోపులు కట్టి అమ్మే రోడ్స్ గడ్డి కూడా బాగానే పనికొస్తుంది. చేత్తో విప్పి చూడండి, పచ్చిక వాసన రావాలి. ముక్కవాసన వచ్చినా, నల్లటి బూజు కనిపించినా తీసుకోవద్దు.

రెండో తికమక జత్. కువైట్‌లో జత్, ఒమన్, ఎమిరేట్స్‌లో గత్, సౌదీలో బర్సీమ్ అనేది మన లూసర్న్ మేతే. అన్నిచోట్లా దొరుకుతుంది, కుందేలు ఎగబడి తింటుంది. ఆర్నెల్ల లోపు పిల్లకీ, చూలుతో ఉన్నదానికీ, పాలిచ్చే తల్లికీ మంచిదే. ఎదిగిన కుందేలుకి రోజూ అదే పెడితే ఒళ్లు కొవ్వెక్కుతుంది. సున్నం ఎక్కువ కాబట్టి మూత్రం సున్నపు నీళ్లలా చిక్కబడి, తిత్తిలో రాళ్లు కూడా పడొచ్చు. ఎప్పుడైనా నాలుగు రెబ్బలు వేస్తే తప్పులేదు.

గడ్డే కదా అని తేలిగ్గా తీసుకునేది కూడా కాదిది. పచ్చిమేత పంటలు భూమిలోపలి నీళ్లన్నీ తాగేస్తున్నాయని సౌదీ ప్రభుత్వం 2015 డిసెంబరులో వాటిని మూడేళ్లలో మాన్పించాలని తీర్మానించింది. అంతకు ముందే 2014లో అల్‌మరాయ్ పాల కంపెనీ అమెరికాలోని అరిజోనాలో భూములు కొని, అక్కడ లూసర్న్ పండించి ఓడల్లో తెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఆ కంపెనీ వాళ్లకి ఇచ్చిన ప్రభుత్వ భూముల లీజులని నీళ్ల గొడవ మీదే 2023లో అరిజోనా గవర్నరు ఆపేశారు. ఎడారిలో గడ్డి పరక వెనక ఇంత కథ ఉంది. అయినా ఇంత పెద్ద ఇంట్లో ఒక కుందేలు మేసే గడ్డి యజమానికి బరువేమీ కాదు. అడగకపోవడం వల్లే రావట్లేదు.

అడగడానికి మనకి వచ్చిన అరబ్బీ చాలు. "బాబా, అర్నబ్ లాజిమ్ హషీష్ యాబిస్. ఖుబ్జ్ మూ జేన్." కుందేలుకి ఎండుగడ్డి కావాలి, రొట్టె మంచిది కాదు అని. హషీష్ అంటే ఉలిక్కిపడకండి, అరబ్బీలో మామూలు గడ్డికీ అదే మాట. అందరి ముందు కాదు, మామా తీరిగ్గా ఉన్నప్పుడు, పిల్లలు కూడా వింటుండగా చెబితే పని త్వరగా అవుతుంది. పిల్లిని కట్టేసి తిండి పెట్టని ఆడమనిషి సంగతి హదీసుల్లో ఉంది, ఆ ఇళ్లల్లో పిల్లలకి కూడా తెలిసిందే. మేత తేవడం యజమాని బాధ్యత, వెయ్యడం మన పని అని అప్పుడే తేల్చుకోవాలి. గడ్డి కావాలని ఏ రోజు అడిగామో ఫోన్‌లో మెసేజ్ కూడా పెట్టి ఉంచుకుంటే, రేపు మాట వచ్చినా మన చేతిలో ఒక ఆధారం ఉంటుంది.

ఎండాకాలం సెలవులకి వాళ్లు లండనో, టర్కీయో వెళ్లిపోయి బోనుని మనకి అప్పజెబుతారు. అప్పుడు మరీ జాగ్రత్త. 30 డిగ్రీలు దాటితేనే కుందేలు తట్టుకోలేదు, మేడమీద కాదు, ఏసీ ఉన్న గదిలోనే ఉంచమనండి. నీళ్లు సీసాలో కాకుండా బరువైన గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతుంది. వాళ్లు విమానం ఎక్కేముందే నెలకి సరిపడా గడ్డి మోపు ఇంట్లో దింపించుకోండి. స్టోర్ రూములో నేలమీద కాకుండా చెక్కమీద పెట్టి, గాలి ఆడేలా గోనెపట్టా కప్పండి. ప్లాస్టిక్ కవరులో బిగించి కడితే చెమ్మ పట్టి వారం తిరిగేసరికి బూజు వస్తుంది.