రాత్రి లేపే దర్ద్

అమ్మీ రాత్రి మూడింటికి లేచి గోడకు వీపు ఆనించి కూర్చునేది. తహజ్జుద్ కోసం లేచిందనుకుని మేము మళ్లీ చాదర్ కప్పుకునేవాళ్లం. పడుకోలేక లేస్తోందని చాలా నెలలకు గానీ తెలియలేదు. రెండు రెక్కల నడుమ దర్ద్. ఎవరికీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

సుల్తానాబాద్ అనగానే జనానికి రైస్ మిల్లులే యాదికొస్తాయి. మా గల్లీలో యాదికొచ్చేవి బీడీల చాటలు. ఒళ్లో చాట, వంచిన తల, చేతిలో తునికాకు. అమ్మీ ముప్పై ఏళ్లు అట్లా కూర్చుంది. ఆ పనికి మెడ కింది కండరాలు రోజంతా బిగుసుకునే ఉంటాయి. పగలు ధ్యాసంతా బీడీల లెక్క మీదే. రాత్రి లెక్క ఆగాక వీపు మొదలుపెడుతుంది. ఈ రకం నొప్పి పక్క మార్చితే, వేడి కాపడం పెడితే, నాలుగడుగులు నడిస్తే తగ్గుతుంది. తల కింద రెండు తకియాలు వేసుకునే అలవాటు మానినా కొంత ఫరక్ పడుతుంది.

అన్ని నొప్పులూ ఇదే కాదు. మన ఇళ్లల్లో ‘గ్యాస్’ అనే మాట ఒకటుంది, దానంత ఖతర్నాక్ మాట నేను వినలేదు. దావత్‌లో బిర్యానీ తిన్న రాత్రి కుడి రెక్క కింద పోటు లేస్తే పిత్తాశయంలో రాళ్లు కావచ్చు. వీపు నొప్పితో పాటు చెమటలు, ఆయాసం ఉంటే గుండె కావచ్చు. ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఛాతీలో నొప్పి లేకుండానే రావచ్చు. అప్పుడు సోడా తాగించి తెల్లారేదాకా చూడొద్దు, 108కి ఫోన్ కొట్టాలి.

అమ్మీది ఇవేవీ కాదు. ఆమెకు పడుకున్నా తగ్గేది కాదు. సాయంత్రం కాస్త బుఖార్, బట్టలు వదులయ్యాయి. ఏడాది పాటు ఒకరి దగ్గర సూదులు, ఇంకొకరి దగ్గర దమ్, నా వంతుగా ఒక బామ్ డబ్బీ. చివరికి ఎక్స్‌రే, స్కాన్ తీస్తే వెన్నెముకకు టీబీ. దగ్గు లేదు కదా అన్నాను. దగ్గు లేకుండానే టీబీ ఎముకకు పట్టొచ్చట. 1779లోనే పెర్సివల్ పాట్ అనే ఇంగ్లండ్ సర్జన్ ఈ రోగం గురించి రాశాడు. అందుకే దీన్ని పాట్స్ డిసీజ్ అంటారు. ఆలస్యమైతే కాళ్లు పడిపోతాయి. క్యాన్సర్ ఎముకకు పాకినా ఇట్లాగే రాత్రి నొప్పి రావచ్చు, కాబట్టి పరీక్ష లేకుండా ఎవరూ ఫైసలా చేయొద్దు. టీబీ దవా సర్కారు దవాఖానాలో ముఫ్త్. ఊపిరితిత్తుల టీబీకి మామూలుగా ఆరు నెలలు, వెన్నెముకకు ఏడాది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ.

నాకు కోపం ఎక్కడంటే, ఆమె చెప్పుకోకపోవడాన్ని మేమంతా సబర్ అన్నాం. తారీఫ్ కూడా చేశాం. దర్ద్‌ను దాచుకోమని దీన్ ఎక్కడ చెప్పింది? దవా చేయించుకోవడం మన రసూల్ (స) సున్నత్. సర్కారు బీడీ కార్మికులకు 2,016 రూపాయల పింఛను ఇచ్చింది, మంచిదే. ఆ వీపును ఏడాదికొకసారి చూసే డాక్టర్‌ను కూడా ఇవ్వాల్సింది. సర్కారు సంగతి సరే, పక్క గదిలో పడుకున్న నేను?

అమ్మీ ఇప్పుడు కుర్చీ మీద కూర్చుని నమాజ్ చదువుతోంది. నిద్ర పడుతోంది, అల్‌హందులిల్లాహ్. నిన్న చాచీ కూడా రాత్రిళ్లు లేస్తోందని చాచా నవ్వుతూ అన్నాడు. జుమేరాత్ నాడు ఆమెను ఎక్స్‌రేకు తీసుకెళ్తున్నాను.