దెబ్బ తగలరాదు, తగిలినట్లుండాలి

చేతిలో సెల్‌ఫోను ఉన్న విద్యార్థికి గద్వాల కోటగోడల చెంత ఒక పోరాట దృశ్యం చిత్రించాలన్న ముచ్చట కలగడం సహజం. కాని సహజత్వం పేరిట నిజంగానే కొట్టుకోవడం అవివేకం.

నిరుడు మా మిత్రబృందంలో ఒకనికి కర్ర తగిలి కనుబొమ చిట్లింది. తీరా తెరపై చూడగా అది దెబ్బవలె కనబడనే లేదు! తగిలినవాడు దిగ్భ్రమతో కదలక నిలిచిపోవడమే కారణం.

కొట్టేవాని భుజం వెనుక కెమెరా నిలిపితే, పిడికిలి ముఖానికి జానెడు దూరాన సాగిపోయినా తగిలినట్లే తోస్తుంది. ఎదుటివాడు సకాలంలో తల త్రిప్పితే చాలు, ప్రేక్షకుడు నమ్ముతాడు. చప్పుడు తరువాత చేర్చుకోవచ్చు. అయితే ప్రతి కదలికనూ ముందుగా నెమ్మదిగా, అంకెలు లెక్కిస్తూ అభ్యసించాలి.

1989లో వచ్చిన ‘శివ’ చిత్రంలో నేటికీ మనసున నిలిచినది దెబ్బలు కావు. దెబ్బకు ముందు నాగార్జున సైకిలు చెయిను ఊడబెరికిన క్షణం.

కళాశాల సంఘంవారికి మా మనవి ఒక్కటే: ఈ ఉత్సాహాన్ని నిషేధించకండి. వ్యాయామోపాధ్యాయుని పర్యవేక్షణ, క్రింద పరచుటకు పరుపులు సమకూర్చండి. మిత్రుని రక్తంతో తీసిన చిత్రం ఎంత బాగున్నా, అది కళ కాజాలదు.