ఎవరి వైకల్యం?

వైకల్య ధ్రువీకరణకు పెట్టే సదరం శిబిరంలో కాలు కొలుస్తారు, చూపు కొలుస్తారు, వినికిడి కొలుస్తారు. వైకల్యం 40 శాతం తేలితే ఉద్యోగ రిజర్వేషన్‌కు అర్హత. 39 దగ్గర ఆగితే లేదు. ఈ అంకెతోనే మన ధర్మచింతన సమాప్తమవుతోంది!

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టాన్ని మనమెంత చదివాం? 1995 చట్టంలోని ఏడు వైకల్యాల పట్టిక అందులో ఇరవై ఒకటికి పెరిగిందని సంతోషించి పుస్తకం మూసేశాం. అసలు నిర్వచనం పట్టికలో లేదు. దీర్ఘకాలిక లోపం ఉన్న మనిషికి సమాజంలోని అడ్డంకులు ఎదురై, అందరితో సమానంగా పాల్గొనే అవకాశం కుంటుపడితే, దానినే వైకల్యమంది చట్టం. అంటే సగం ఆ దేహంలో ఉంది. తక్కిన సగం మనం కట్టిన మెట్లలో, మన నియామక నిబంధనలలో, మన చూపులలో ఉంది. ఆ సగాన్ని ఏ శిబిరం కొలిచింది?

రాస్తుంటే చేతి కండరాలు బిగుసుకుపోయే ఒక సివిల్స్ అభ్యర్థి లేఖక సహాయం కోరాడు. 40 శాతం లేదని కాదన్నారు. ఆ సహాయానికి ఆ అంకె షరతు కాజాలదని 2021లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. రంగులు పోల్చుకోలేడని తెలంగాణ ఆర్టీసీ ఇంటికి పంపిన డ్రైవరుకు తగిన వేరే కొలువు ఇవ్వమని 2025లో మళ్లీ అదే న్యాయస్థానం ఆదేశించింది. బస్సు నడపలేనివాడు మరే పనికీ పనికిరాడని ఎవరు తీర్మానించారు? ఒక్క అధికారేనా? ఆ తర్కాన్ని నిత్యం మన ఇళ్లలో, పెళ్లిచూపులలో, బడులలో పోషిస్తున్నది మనం కాదూ?

ఈ తర్కానికి మూలం మన దయలోనే ఉందంటే నొచ్చుకోకండి. మూడు చక్రాల బండి పంచి ఫొటో దిగుతాం. ఆ బండి ఎక్కగలిగే వాలుదారి కార్యాలయానికి కట్టమంటే ఖర్చంటాం. దయ చూపేవాడు పై మెట్టున నిలుస్తాడు, న్యాయం ఆ మెట్టు దిగమంటుంది. దిగడానికి మన అహంకారం ఒప్పుకోదు. మనిషి విలువను అతడి ఉపయోగంతో తూచే లోభం, ఆ లోభానికి కరుణ ముసుగు: ఇదీ మన అంతర్గత వ్యాధి.

అయినా నిరాశ నాకు సమ్మతం కాదు. ఆ నిర్వచనాన్ని శాసనంగా రాసుకున్నది మన పార్లమెంటే; అంతటి వివేకం ఒకనాడు మనకు కలిగింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని ఆ చట్టమే శాసించింది. కనుక రేపు ఇంటర్వ్యూ బల్లకు ఇవతల కూర్చునే పెద్దలారా, యజమానులారా, సహోద్యోగులారా! 'నువ్వీ పని చేయగలవా?' అని అడిగే ముందు, 'మేము ఏ ఏర్పాటు చేస్తే నీకు వీలవుతుంది?' అని అడగండి. జవాబు విని, ఆ ఏర్పాటు చేయండి.