ఇరుగుపొరుగు రాజ్యముల యొత్తిడి

2025 జనవరి 29వ తేదీన మాలి, బుర్కినా ఫాసో, నైజరు అను మూడు రాజ్యములు, ఎకోవాసు అని పిలువబడు పశ్చిమాఫ్రికా రాజ్యకూటమినుండి వైదొలగినవి. 1975లో లేగోసు నగరమున పుట్టిన యీ కూటమిని మూడు రాజ్యములు ఒక్కసారిగా వీడిపోవుట మున్నెన్నడును లేదు. ఆ మూడింటను సైనికులు ప్రజలెన్నుకొన్న ప్రభుత్వములను కూలద్రోసి గద్దె నెక్కిరి. వారిని దారికి తేబోయి కూటమి తానే చీలినది. దీనిని చూచి, పొరుగున ప్రజాస్వామ్యము కూలుచున్నపుడు ఇరుగుపొరుగువారు చేయగలిగిన దేమియు లేదని పలువురు తీర్మానించుచున్నారు. మా యభిప్రాయ మది కాదు. ఈ కూటమియే 2017 జనవరిలో ఒక నిరంకుశుని యుద్ధము లేకయే సాగనంపినది. నాడు ఫలించిన యుపాయము పిమ్మట నేల వికటించినదో విచారింపవలసియున్నది.

గాంబియా మిక్కిలి చిన్న దేశము. మూడు వైపుల సెనెగాలు, నాలుగవ వైపు అట్లాంటికు సముద్రము. నడుమ నొక నది, దాని కిరుదరుల సన్నని నేల. అచ్చట చదువురాని వారికి సైతము సులభముగా నుండునని గోలీకాయలతో వోట్లు వేయుదురు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క రంగు పీపాయి. గోలీని రంధ్రమున విడువగనే లోన గంట మ్రోగును. రెండవమారు మ్రోగెనా, దొంగవోటు పట్టుబడినట్లే! 2016 డిసెంబరు 1వ తేదీన ఆ గోలీలే యాహ్యా జామే యొక్క యిరువదిరెండేండ్ల యేలుబడికి ముగింపు పలికినవి. ఈతడు 1994 జూలైలో సైన్యమున లెఫ్టినెంటుగా నుండి అధికారమును చేజిక్కించుకొన్నవాడు. దైవానుగ్రహ మున్నచో శతకోటి సంవత్సరము లేలెదనని 2011లో పలికినవాడు. ఆడామా బారో అను స్థిరాస్తి వర్తకుడు నెగ్గెను. మరునాడు జామే టెలివిజనులో ఓటమి నంగీకరించి లోకము నాశ్చర్యపరచెను. వారము తిరుగగనే, డిసెంబరు 9వ తేదీన, మాట త్రిప్పి యెన్నిక చెల్లదనెను. వ్యాజ్యము వేసెను గాని, దానిని విచారించుటకు సుప్రీముకోర్టున చాలినంతమంది న్యాయాధిపతులు లేరు. ఆ లోటునకు కారకుడును ఆయనయే.

డిసెంబరు 13వ తేదీన నలువురు అధ్యక్షులు బాంజులు నగరమున దిగిరి. లైబీరియానుండి ఎలెన్ జాన్సన్ సర్లీఫు, నైజీరియానుండి మహమ్మదు బుహారీ, సియెర్రా లియోనునుండి ఎర్నెస్టు బాయి కొరోమా, ఘానానుండి జాన్ మహామా. వీరిలో మహామా రాకయే మాకు మిక్కిలి విలువగలదిగా తోచుచున్నది. జామే మాట త్రిప్పిన డిసెంబరు 9వ తేదీననే మహామా స్వదేశమున తన యోటమి నొప్పుకొనెను. బుహారీ సంగతియు గమనింపదగినదే. 1983 చివర తుపాకి బలముతో గద్దె నెక్కిన యాతడు, తరువాత మూడు మారు లోడి, 2015లో వోట్లతో గెలిచెను. ఓడిన గుడ్‌లక్ జోనాథను ఆయన నభినందించి తప్పుకొనెను. ఓడినవాడు క్షేమముగా నిల్లు చేరవచ్చునని బోధించుటకు ఇంతకంటె తగిన రాయబారులు దొరకుదురా?

అయినను మాటలతో పని తీరలేదు. సుమారు 45,000 మంది గాంబియా ప్రజలు ప్రాణభీతితో సెనెగాలునకు తరలిరి. 2017 జనవరి 19వ తేదీన బారో డకారు నగరమున, తన దేశపు రాయబార కార్యాలయములోనే, ప్రమాణము చేసెను. ఆ దినముననే భద్రతామండలి ఎకోవాసు యత్నమును సమర్థించినది. బలప్రయోగమునకు స్పష్టమైన యనుజ్ఞ మాత్ర మీయలేదు. కూటమి సేనలు ఎల్ల దాటినవి, దాటి యాగినవి. ఆ వ్యవధిలో గినీ అధ్యక్షుడు ఆల్ఫా కొండే మౌరిటానియా అధ్యక్షునితో కలిసి నచ్చజెప్పి, 21వ తేదీ రాత్రి జామేను తన వెంట విమానమున గొనిపోయెను.

పొరుగువాని సేన మన మేలుకొరకే వచ్చుచున్నదన్న మాట వినగనే తెలుగువారి గుండె ఝల్లుమనుట సహజము. 1798లో నిజాము కుదుర్చుకొన్న సైన్యసహకార సంధి ఫలమును నూరేండ్లకు పైగా అనుభవించినవారము. కావున మేము సేనను పొగడుటలేదు. గాంబియాలో తీర్పు చెప్పినవారు ఆ దేశపు వోటర్లు. సాయము కోరినవాడు వారెన్నుకొన్న అధ్యక్షుడు. ఆ దేశపు సేనాధిపతి పోరుటకే యొప్పుకొనలేదు. పొరుగువారు ఆ తీర్పు నమలు జరిపిరి, అంతియే.

ఇక నైజరు సంగతి. 2023 జూలై 26వ తేదీన అధ్యక్షుడు మహమ్మదు బజూమును ఆయన అంగరక్షకులే బంధించిరి. ఎకోవాసు వారము దినములు గడువిచ్చి, సేనను పంపుదుమని బెదరించి, ఎల్లలు మూసినది. ఆ దేశమున వాడుకలోనున్న విద్యుత్తులో ఎక్కువపాలు నైజీరియానుండి వచ్చునదే; అదియు నిలిచినది. చీకటి కమ్మినది నియామే నగరపు పేదల యిండ్లను. ఆహారపు లారీలు, మందులు బెనిను సరిహద్దున పడియుండెను. గడువు తీరినది, సేన కదలలేదు. 2024 ఫిబ్రవరిలో ఆంక్షలలో పెక్కింటిని సడలించు నాటికిని బజూము బందీగానే యుండెను. అంతకుముందు, 2022 జనవరిలో మాలిపై నిట్టి యాంక్షలనే విధించినపుడు, బమాకో వీధులలో వేలకొలది జనులు నిరసించినది సైనికులను కాదు, కూటమిని!

జనులకు కూటమిపై నింత యలక్ష్య మేల కలిగెను? ఆంక్షల బాధ యొక్కటే దానికి కారణము కాదు. జామేను చేయిపట్టి విమానమెక్కించిన ఆల్ఫా కొండేయే, 2020లో తన దేశపు రాజ్యాంగమును మార్చి మూడవమారు అధ్యక్షుడయ్యెను. ఐవరీకోస్టున అలసాన్ ఊతారా ఆ సంవత్సరముననే ఆ బాటనే నడచెను. కూటమి వీరి కే శిక్షయు విధింపలేదు. 2021 సెప్టెంబరు 5వ తేదీన సైనికులు కొండేను పడద్రోయగనే మాత్రము మేల్కొని గినీ సభ్యత్వమును నిలిపివేసినది. తుపాకితో పదవి గొన్నవాడు దోషి, కలముతో పొడిగించుకొన్నవాడు సోదరుడు! ఈ పక్షపాతమును సైనికులు కనిపెట్టిరి, జనులును కనిపెట్టిరి.

మందు లేకపోలేదు. 2015 మే నెలలో అక్రా సమావేశమున, ఏ యధ్యక్షుడును రెండు మారులకంటె నెక్కువ పదవి నుండరాదను ప్రతిపాదన కూటమి ముందునకు వచ్చినది. టోగో, గాంబియా ప్రభుత్వము లడ్డుచెప్పగా దానిని విడిచిపెట్టిరి. గాంబియా పక్షమున నాడు పదవిలో నున్నవాడు జామేయే. ఆతడు వెడలిన పిమ్మటనైనను దానిని కట్టుబాటుగా చేసికొనియుండిన, 2020లో కొండేను నిలదీయుటకు కూటమి చేత నొక యాధార ముండెడిది. వీడిపోయిన మూడు రాజ్యములతో మరల మాటలాడబోవు రాయబారులు ముందుగా ఆ పాత కాగితమును బయటికి తీయవలెను.